రుచి చూడని కూర

పెంచలనరసయ్య పొయ్యిలోకి ఇంకో తుమ్మమొద్దు తోసి, పెద్ద బాండలిలోని గుత్తొంకాయలను తెడ్డుతో మెల్లగా దొర్లించాడు. నువ్వులు, పల్లీలు, ఎండుకొబ్బరి, జీడిపప్పు నూరిన ముద్ద నూనె వదులుతోంది. దుత్తలూరు పక్కన ఆ ఊళ్లో శ్రీరామనవమి కల్యాణానికి ఏటా వంట ఆయనదే. పొట్టి మనిషి, చొక్కా లేని ఒంటినిండా మసి, మడత పడనని మొరాయించే మోకాళ్లు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా ఆయన కూర తినని పెళ్లివారు లేరు. ఆయన పేరు అచ్చేసిన శుభలేఖ మాత్రం ఒక్కటీ లేదు.

"మామా, ముద్దలో ఉప్పేసినావా?" కొత్తిమీర తరుగుతున్న కోడలు అనురాధకు ఎందుకో అనుమానమొచ్చింది.

తెడ్డు ఆగింది. సరిగ్గా ముద్ద కలిపే వేళకే ఊరిపెద్ద రామనారాయణ వచ్చి మాటల్లో పెట్టాడు. వేశాడో, మరిచాడో ఎంతకీ గుర్తు రాలేదు. అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అంటుందట ఉప్పు. నాలుకకు ఒక్క చుక్క తగిలిస్తే తేలిపోయేదే. కానీ ఇది రాముడికి పెట్టే కూర. నైవేద్యం కాకముందు రుచి చూస్తే ఎంగిలి. రెండోసారి వేస్తే కూర నోట పెట్టలేరు, అసలే వేయకపోతే ఇన్నేళ్ల పేరు గంగలో కలుస్తుంది. ఆయనకు నిజంగా భయం వేసింది.

"ఏసేదా?" అనురాధ ఉప్పు డబ్బా ఎత్తింది.

"ఉండమ్మే."

కుడిచేయి చూసుకున్నాడు. పొద్దున వంకాయ తొడిమల ముళ్లు గీరుకున్నచోటల్లా సన్నగా మండుతోంది. కారం గరిటెతో వేసి, ముద్దను గరిటెతోనే కలిపాడు. ముద్దను కాయల్లో కూరింది అనురాధ. ఆయన పిడికిట పట్టేది ఉప్పునొక్కదాన్నే.

"ఏసినాను. చెయ్యి మండతా ఉండాది. దించు డబ్బా."

హారతి అయ్యింది. విస్తళ్లు పరిచారు. వంటపందిరి గుంజ పట్టుకుని, పొద్దుటి నుంచీ లాగుతున్న ఎడమ భుజం రుద్దుకుంటూ ఆయన మొదటి పంక్తినే చూస్తూ నిలబడ్డాడు. ఎవరూ ఉప్పు అడగలేదు. రామనారాయణ వేళ్లు నాక్కుంటూ, "ఏంది నరసయ్యా, ఇట్టా వండితే రేపు మా ఇంట్లో కూర తినేదెట్టా?" అన్నాడు. పంక్తంతా నవ్వింది. మారు వడ్డించమని కేకలు. నరసయ్యకు గర్వంతో ఛాతీ పొంగింది, దాచుకోనూ లేదు.

"నా చెయ్యి అబద్ధం చెప్పదమ్మే," అన్నాడు కోడలితో.

ఊరంతా తిన్నాకే వంటవాడు తినేది. అనురాధ నిప్పుల మీదే ఉన్న బాండలి అడుగున మిగిలిన రెండు కాయలూ ఆయన విస్తట్లో వేసి పిలిచింది. గుంజకు ఆనుకుని కూర్చున్న మనిషి పలకలేదు. భుజం పట్టి కదిపింది. ఊపిరి లేదు. ఆమె కేకకు పందిట్లో జనమంతా పరుగెత్తుకొచ్చారు.

విస్తట్లో వంకాయల చుట్టూ నూనె మెల్లగా పరుచుకుంటోంది. కూర ఇంకా వేడిగానే ఉంది.