బండలాగుడు లైవ్ ఆగిన పూట

కంబదూరు బయలులో బండలాగుడు పోటీ చివరికొచ్చింది. ఇక మిగిలింది శ్రీరంగప్ప ఎద్దుల జత ఒక్కటే. వాటిని చూడాలని కొత్తచెరువు నుంచి ట్రాక్టర్లలో జనం దిగారు. రాలేనివాళ్లు సుల్తానా యూట్యూబ్ ఛానెల్‌కు అతుక్కుపోయారు. షామియానా కింద కంప్యూటరు ముందు కూర్చుని ఆమె కెమెరాలు మారుస్తుంటే, తమ్ముడు తౌసిఫ్ మైకులో పోటీ వివరాలు చెబుతూ ఊదరగొడుతున్నాడు.

ఉన్నట్టుండి టప్పుమని చప్పుడైంది. తెర నల్లబడింది. కాలిన వాసన వచ్చింది.

"పవర్ సప్లై పోయిందక్కా," అంటూ తౌసిఫ్ ప్లగ్గు పీకి, కంప్యూటరులోంచి ఆ ఇనప పెట్టెను లాగి, మూత మరలు విప్పసాగాడు.

"దాన్ని విప్పొద్దురా. లోపల కరెంటు నిలిచి ఉంటాదంట. హేమావతి కంప్యూటర్ల దుకాణంలో ఇంకోటి ఉండాది, తెమ్మంటా."

"ప్లగ్గు తీసినా కదా, ఇంకా కరెంటు యాడుంటాది? ఫ్యూజు మారిస్తే సరిపోతాది. ఆడ ఎద్దులకు కాడి కడతాండారు చూడు."

సుల్తానాకూ ఆ తొందరే. హేమావతికి ఫోన్ చేసింది కానీ, తమ్ముడి చెయ్యి పట్టి ఆపలేదు.

అతని వేళ్లు లోపలి సర్క్యూట్ బోర్డుకు తగిలాయి. రవ్వ ఎగిరింది. తౌసిఫ్ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు.

"రేయ్, పలకరా."

"చెయ్యి నాది కానట్టుండాదక్కా."

మైదానం పక్కనే ఉన్న అంబులెన్సు వచ్చింది. అందులోని మనిషి నాడి చూసి, ప్రాణభయం లేదనీ, అయినా ఊళ్లోని ఆసుపత్రిలో గుండె పరీక్ష చేయించాలనీ చెప్పాడు. సుల్తానా కూడా ఎక్కబోయింది.

"పక్కింటి ఓబుళేసన్న నాతో వస్తాడులే. నువ్వు లైవ్ పెట్టు," అన్నాడు తౌసిఫ్.

హేమావతి స్కూటీ మీద పవర్ సప్లై తెచ్చింది. సుల్తానా దాని మూత జోలికి పోకుండా తీగలు తగిలించింది. తెర వెలిగింది. అప్పటికే ఎద్దులు మెడలు వంచాయి. మైకులో చెప్పేవాడు లేడు. ఎన్నడూ మైకు ముట్టని సుల్తానా దాన్ని అందుకుంది.

"కదిలింది బండ. దుమ్ములో ఎద్దులు కనపడ్డం లేదు, కొమ్ములే కనపడతాండాయి. మలుపు కాడికి వచ్చినాయి. ఆగినాయి. లేదు, లేదు, మళ్లీ లాగతాండాయి."

ఈలలతో బయలు దద్దరిల్లింది. శ్రీరంగప్ప జతే గెలిచింది. ఆమె గొంతు బొంగురుపోయింది. మైకు పడేసి ఫోన్ అందుకుంది.

"గుండె బాగుండాదంట," అన్నాడు తౌసిఫ్. "వేళ్లకు కట్టు కట్టినారు. ఈడ ఫోన్‌లో లైవ్ చూస్తా, నువ్వు 'ఆగినాయి' అన్నప్పుడు మంచం మీంచి లేచినా. నర్సమ్మ తిట్టి పండబెట్టింది."