తూర్పుకి తిప్పిన ఆకు

ఉప్పే ముందు, అన్నం కంటే ముందు ఆకు మీద ఉప్పే వేసేది అవ్వ, ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో, తిరుపతి బస్టాండులో పుత్తూరు బస్సెక్కి కిటికీ పక్కన కూలబడ్డ నాగవేణికి, పొద్దున్నుంచీ చిత్తూరులో పాత రికార్డుల దుమ్ము మింగి నోరు పిడచగట్టుకుపోయింది, అందుకేనేమో, కాదు, పక్క సీటామె కాళ్ల దగ్గరి గంప, గోనెపట్టా కప్పినా ఆగని ఎండురొయ్యల వాసన, ముందు సీటాయన ముక్కు మూసుకుని వెనక్కి చూస్తున్నాడు, నాగవేణి మాత్రం ఇంకా గట్టిగా పీల్చింది, పెద్దల అమావాస్య నాడు అవ్వ వంటిల్లు అచ్చం ఇదే వాసన.

గుమాస్తా పాపం మంచివాడే, దస్త్రాలన్నీ తిరగేశాడు, నాయన చిన్నబ్బ, తాత వెంకటముని, ముత్తాత మునిచంద్ర, అంతే, ఆపైన ఎవరూ లేరు, వడమాలపేటలో ముళ్లకంప కొట్టి బావి తవ్విన ఆ మొదటివాళ్లు ఎక్కడినుంచి వచ్చారో ఏ కాగితమూ చెప్పదు, ఆడోళ్ల పేర్లన్నా ఉండవా అబ్బా అంటే, భూమి వాళ్ల పేరు మీద ఉంటే కదమ్మా అన్నాడు, ఇప్పుడు నాయనకేం చెప్పాలి, ఎనభై నాలుగేళ్ల నాయన, నిన్న కన్న కూతుర్నే పట్టుకుని ఎవురమ్మా నువ్వు అన్న నాయన, ఆ ఒక్కటి మాత్రం మరవడు, మనం యాడినుంచి వచ్చినామో కనుక్కోని రా పాపా, నేను పోయినాక ఆడ మనోళ్లు అడిగితే ఏం సెప్పేది.

నాయన్ని కన్న అవ్వ వరదమ్మను అడిగి ఉంటే తెలిసేదేమో, చిన్నప్పుడు అడిగింది ఒక్కటే, పెద్దలందరి ఆకులూ దీపం ముందు వేసి ఆ ఒక్కటీ పెరటి గడపలో తూర్పుకి తిప్పి ఎందుకేస్తావవ్వా అని, మా అత్త ఏసేది, నేనూ ఏస్తాండా, గమ్మునుండు, ఉప్పు, ఉప్పు మీద అన్నం, పక్కన వంకాయ ఎండురొయ్యల పులుసు, ఎవరో తాతకు ఇష్టమేమోలే అనుకున్నారందరూ, అవ్వ తర్వాత అమ్మ వేసింది, అమ్మ చనిపోయిన ఏడు తమ్ముడి కొత్త కోడలు కోమలి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే, ఎందుకొచ్చిన కంపు, వద్దులే అని మానిపించింది నాగవేణే, నాయన పెరటి గడప దగ్గర కాసేపు నిలబడి లోపలికొచ్చేశాడు.

యాడ దిగల్ల తల్లీ, గంపామె అడుగుతోంది, పేరు గంగులమ్మట, సముద్రం పక్కన పులికాట్ సరస్సు ఒడ్డున ఊరు, వాసన కష్టంగా ఉండాదా అంటే, లేదక్కా, సేద్యగాళ్లమైనా మా ఇంట్లో పెద్దలకు ఇదే పెట్టేవాళ్లం అని ఉప్పు సంగతి, ఆకు సంగతి అన్నీ చెప్పేసింది నాగవేణి, గంగులమ్మ నవ్వు ఆగిపోయింది, ముందర ఉప్పా, తూర్పుకా, మా అమ్మా అట్నే పెడతాదమ్మా, ఆకు నీళ్ల పక్కకి తిప్పల్ల, లేకుంటే సచ్చిపోయినోళ్లకు దోవ దొరకదంట, మీరు సేద్యగాళ్లు కదా, మీకెవురు సెప్పినారు.

ఎవరు చెప్పారు, అమ్మకు అవ్వ, అవ్వకు వాళ్లత్త, ఆ అత్తకు వాళ్లత్త, వెనక్కి, ఇంకా వెనక్కి, ముళ్లకంప మధ్యకు సముద్రపు ఒడ్డు నుంచి కాపురానికొచ్చిన ఒక పిల్ల, పెరటి గడపలో వాళ్లమ్మ కోసం ఆకు తిప్పి వేసుకున్న పిల్ల, పేరు తెలియదు, ఇక తెలియదు కూడా, బస్సులో అందరి ముందూ నాగవేణికి ఏడుపు ముంచుకొచ్చింది, ఎండురొయ్యలు రెండు పడులు కొలిచి పొయ్యక్కా అని సంచి తెరిచింది, నాయనకు మాటలతో చెప్పక్కర్లేదు, పులుసు ఉడికితే ఆయనకే తెలుస్తుంది, మగవాళ్ల పేర్లు పట్టుకుని చిత్తూరు దాకా తిరిగింది గానీ, ఆ పిల్లను ఇన్నాళ్లూ ఇంట్లో నిలిపింది ఎక్కడెక్కడినుంచో వచ్చిన కోడళ్లు, ఆ పిల్ల ఆకును ఎత్తేసింది మాత్రం, ఆమె రక్తం పంచుకు పుట్టిన తాను.