ఇరవై మూడో పేరు

"మంగవ్వ."

"ఉన్న."

"వెంకవ్వ."

"ఉన్న అన్నా, నీ ముక్కు ముంగటనే ఉన్న. అద్దాలు పెట్టుకోరాదు!"

ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. భూమేశ్వర్ నవ్వలేదు. తలెత్తి వెంకవ్వ ముఖం ఒకసారి చూసి, ఆమె పేరు ఎదుటి గడిలో పెన్సిల్‌తో గీత పెట్టి, తర్వాతి పేరుకు పోయాడు. పదేళ్ళుగా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇదే తంతు. వెంకవ్వ ఏనాడూ ఉత్తగా "ఉన్న" అని ఊరుకోలేదు. ఏదో ఒక మాట తగిలించనిదే ఆమెకు పొద్దు గడవదు.

ఆర్మూర్‌లో పెర్కిట్ దారిలో ఉన్న ఆ పసుపు గోదాముకు అతను కావలిదారు. పొద్దున తాళం తీయాలి, సాయంత్రం తాళం వేయాలి. ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు పొడుగాటి పసుపు కొమ్మును ఒకవైపు, ఉండలాంటి మండను ఒకవైపు ఏరుతారు. వాళ్ళ కూలి లెక్క గుమాస్తా వేరే చూసుకుంటాడు. ఈ హాజరు పట్టీ మాత్రం భూమేశ్వర్ సొంతం, పెట్టమని ఎవరూ చెప్పలేదు. దానికి ఒకటే నియమం: ఎవరి పేరుకు వాళ్ళే పలకాలి. ఒకరి కోసం ఇంకొకరు పలికితే అతను మనిషి కాడు.

ఇరవై రెండు పేర్లూ అయ్యాక ఇరవై మూడోది పిలిచాడు.

"సాల్మన్."

ఎవరూ పలకలేదు. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగి, ఆ గడిని ఖాళీగానే వదిలి, పట్టీని మేకుకు తగిలించాడు. కొత్తగా పనికొచ్చిన వాళ్ళు సాల్మన్ ఎవరని గుసగుసలాడితే, అందరిలో పెద్దదైన నీలవ్వ, "కిరస్తానపోల్ల దేవుడు కావచ్చు, నీకెందుకే, కొమ్ము ఏరు" అని కసిరేది.

భూమేశ్వర్ యాభై ఒక్కేళ్ళ మనిషి. కనుబొమ్మల్లో, చెవి మడతల్లో కడిగినా పోని పసుపు. ఎడమచేతి రెండు వేళ్ళకు గోళ్ళు లేవు. ఊళ్ళో వాళ్ళు ఎదుట భూమేశ్వరన్న అంటారు, వెనక ఇమానమన్న అంటారు. ఒకప్పుడు నిజంగానే యుద్ధ విమానం నడిపాడు. డెబ్భై ఒకటి యుద్ధంలో అవతలి దేశానికి చిక్కి, తప్పించుకుని వచ్చాడు. వచ్చిన ఏడాది ఆర్మూర్‌లో దండలు వేసి ఊరేగించారు. ఆ తర్వాత ఇంత చదువుకున్నవాడు పసుపు బస్తాలకు కాపలా ఏమిటని నవ్వారు. బ్యాంకులో ఉద్యోగం వస్తే చేరాడు కూడా. క్యాషియరు కూర్చునే చువ్వల గది. తొమ్మిదో రోజు అన్నం గిన్నె కూడా అక్కడే వదిలేసి బయటికి వచ్చేశాడు. ఇక్కడైతే తాళంచెవి తన దగ్గరే ఉంటుంది. ఆ సంగతి భార్య భాగ్యవ్వకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం పోస్ట్‌మన్ సాయిలు సైకిల్ దిగి, పొడుగాటి కవరు చేతిలో పెట్టాడు.

"ఢిల్లీ నుంచి అన్నా. మల్ల గదే ఆఫీసు."

భూమేశ్వర్ నిలబడే చదివాడు. వైమానిక దళం ఆఫీసు ఉత్తరం, దానికి జతగా టైపు చేసిన కాగితం. కాగితంలో ఉన్నది ఇంతే: విమానం కూలినప్పుడే సాల్మన్ చనిపోయాడు, నేను కళ్ళారా చూశాను. కింద సంతకానికి చుక్కల గీత. సాల్మన్ ప్రాణాలతో పట్టుబడ్డాడన్న ఒక్కరి మాట సాక్ష్యం కిందికి రాదనీ, ఈ సంతకం పెడితే సాల్మన్ తల్లి ఎస్తేరమ్మకు పింఛను మంజూరవుతుందనీ, పెట్టకపోతే ఫైలు ఇలాగే ఉండిపోతుందనీ ఉత్తరం చెప్పింది.

అతనికి ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఒక్కేళ్ళు! రాసిన ఉత్తరాలన్నిటికీ ఇదా జవాబు? పట్టుకున్నవాళ్ళు రెండు గోళ్ళు పీకి ఊరుకున్నారు. తిరిగొచ్చాక వీళ్ళు మూడు నెలలు కూర్చోబెట్టి, ఎలా తప్పించుకున్నావు, నిన్ను ఎందుకు వదిలారు అని అడిగిందే అడిగి, చెప్పిన దాంట్లో ఒక్క ముక్క నమ్మలేదు. ఇప్పుడు డెబ్భై ఆరేళ్ళ ముసలమ్మ కడుపు చూపించి అబద్ధం రాయమంటున్నారు. ఒంగోలు నుంచి ఎస్తేరమ్మ ఏటా కార్డు రాస్తుంది. ప్రతి కార్డులో చివరి మాట ఒకటే: "మావాడు పోయాడని నువ్వు మాత్రం రాయకు నాయనా."

"జవాబేమన్న ఉన్నదా అన్నా?" అన్నాడు సాయిలు.

"రేపు పొద్దుగాల రా. ఇస్త."

మధ్యాహ్నమంతా చేతికి ఏది దొరికితే దాన్ని విసిరికొట్టాడు. తక్కెడ గొలుసును తన్నాడు. లారీ అడ్డంగా పెట్టిన డ్రైవరును అమ్మనా బూతులు తిట్టాడు. ఆడవాళ్ళు తలలు దించుకుని ఏరారు.

ఆ రోజు పురుగుల గోలీలు పెట్టాల్సిన రోజు. పసుపుకు పురుగు పట్టకుండా బస్తాల మీద తాటిపత్రి పట్టా కప్పి, దాని కింద గోలీలు పెట్టి, తలుపు సందులు బురదతో మెత్తి మూడు రోజులు తెరవరు. ఆ గాలి పీలిస్తే మనిషి బతకడు. సాయంత్రం భూమేశ్వర్ మూతికి తువ్వాల కట్టుకుని నడిమి బాట వెంట గోలీలు పెట్టుకుంటూ వచ్చి, తలుపు దగ్గరికి లాగాడు. ఆడవాళ్ళు వాకిట్లో నల్లా దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. పట్టీ తీశాడు. జేబులో కాగితం గరగరలాడింది. పదేళ్ళలో మొదటిసారి, తలెత్తకుండా పేర్లు పిలిచాడు.

"మంగవ్వ."

"ఉన్న."

"వెంకవ్వ."

"ఉన్న."

గీత పెట్టాడు. చివరికి సాల్మన్ పేరూ పిలిచి, ఆగి, తాళం వేశాడు. బురద ముద్ద తీసి సందులకు మెత్తసాగాడు. సగం తలుపు అయ్యాక చెయ్యి ఆగిపోయింది.

ఉత్త "ఉన్న". గొంతు అచ్చం వెంకవ్వదే. కానీ వెనక మాట లేదు.

"వెంకవ్వ ఏది?" అని అరిచాడు. "ఎవతే పలికింది?"

నీలవ్వ ముందుకొచ్చింది. "నేనే అన్నా. ఒళ్ళు కాలుతున్నది, ఇంటికి పోత అన్నది పగటీలి. పోయిందనుకున్న. గుమాస్తకు తెలిస్తె సగం దినం కూలి కోస్తడని..."

అతను అప్పటికే తాళం తీస్తున్నాడు. బురద ఊడి కాళ్ళ మీద పడింది. లోపల కుళ్ళిన వెల్లుల్లి వాసన అప్పుడే లేస్తోంది. తువ్వాల కూడా కట్టుకోకుండా పేరు పెట్టి అరుచుకుంటూ ఒక్కో వరుసా వెతికాడు. వెనక గోడ పక్కన ఖాళీ గోనెల మీద వెంకవ్వ జ్వరంతో ముడుచుకుని పడి ఉంది. రెక్క పట్టి ఈడ్చుకొచ్చి వాకిట్లో పడేశాడు. ఆమె దగ్గింది, కక్కుకుంది, నీళ్ళు తాగించాక కళ్ళు తెరిచింది.

భూమేశ్వర్ నీలవ్వ మీదికి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. మెట్టు మీద కూలబడి చాలాసేపు దగ్గాడు.

"నా కోసం గిట్లనే ఒకడు పలికిండే," అన్నాడు చివరికి. "సాల్మన్. నా ఇమానంల నా ఎనక కూసుండెటోడు. ఆడు, నేను ఒక్క అర్రలనే ఖైదు. ఆనికి కాలిరిగింది, నడువరాదు. నువ్వు పో అన్నడు. నేను గోడ దుంకి గవతల పండుకున్న. లోపట హాజరు పిలుస్తున్నరు. నా పేరు పిలిస్తే నా గొంతుతోని పలికిండు. గీ చెవులతోని ఇన్న. గా ఒక్క మాటకు తెల్లారేదాక నన్నెవడూ ఎతకలే. ఖైదీలను ఇడిసినప్పుడు ఆడు రాలే. ఎవ్వన్ని అడిగినా జవాబు లేదు. ఇప్పుడు ఆడు ముందుగాలనే సచ్చిండని నన్ను రాయిమంటున్నరు. మరి పలికిందెవడే? సచ్చినోడు పలుకుతడా?"

నీలవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. "మాకు ఎర్కలేదన్నా," అంది.

అతను జేబులోంచి కాగితం తీసి, పట్టీకి దారంతో కట్టిన పెన్సిల్‌తో, టైపు అక్షరాల మీదుగా అడ్డంగా రాశాడు: సాల్మన్ నా పేరుకు హాజరు పలికాడు. నేను విన్నాను. చుక్కల గీతను వదిలేసి, తను రాసిన దాని కింద, ఇరవై ఏళ్ళుగా వాడని హోదాతో సహా సంతకం పెట్టాడు. కాగితాన్ని పట్టీలో దోపి, "సాయిలు వస్తె ఇయ్యి" అన్నాడు నీలవ్వతో. తలుపు మళ్ళీ మెత్తి, తాళం వేసి, సైకిల్ నడిపించుకుంటూ ఇంటికి పోయాడు. ఎక్కి తొక్కే ఓపిక లేకపోయింది.

పొద్దున వాకిట్లో ఏరే పనికి ఆడవాళ్ళు వచ్చేసరికి మెట్టు మీద భూమేశ్వర్ లేడు. కాసేపటికి భాగ్యవ్వ తాళంచెవులు పట్టుకుని వచ్చింది. "చాయ్ తాగుదువు లే అని లేపిన," అంది. "లేవలే." గుండె ఆగిందని డాక్టరు రాసిచ్చాడు. గోలీల గాలి సంగతి ఎవరూ అడగలేదు, గోదాము సేటు అడగనివ్వలేదు.

కాగితం సాయిలు పోస్టు చేశాడు. మూడు నెలలకు, చనిపోయిన భూమేశ్వర్ పేరు మీదే జవాబు వచ్చింది: ఉన్న ఒక్క సాక్షీ మరణించినందున ఫైలు మూసివేయడమైనది. నీలవ్వ దాన్ని చదివించుకుని విని, రాసినవాడి చేతులు విరిగిపోవాలని నోరారా తిట్టింది.

కొత్త కావలిదారుకు పేర్లు పిలిచే అలవాటు లేదు. సాయంత్రం అతను తాళం వేయబోగానే నీలవ్వే అడ్డం నిలబడి, చదువు రాకపోయినా, నోటికొచ్చిన వరుసలో అందరినీ పిలుస్తుంది. చివర సాల్మన్ అని పిలిచి ఆగుతుంది. వెంకవ్వ కూడా అప్పుడు నోరు మెదపదు. తలుపు పక్కన మేకుకు పసుపు పట్టిన ఆ పట్టీ, దారానికి వేలాడే పెన్సిల్ ముక్క, ఇరవై మూడో పేరు ఎదుట వరుసగా ఖాళీ గడులు.