పొత్తు మిర్చి

భోపాలపట్నంలో భూషణానికి కిరాణా దుకాణం ఉన్నా, అందరూ ఆయన్ను మిర్చి సేటు అనే పిలుస్తారు. ఇంద్రావతి ఒడ్డున తండ్రి కాలం నుంచీ మిర్చి సాగు. ఏటా మందులు పెరుగుతూ, కాపు తగ్గుతూ వచ్చింది. దున్నితే నేల పెళ్లలు పెళ్లలుగా లేచేది. "ఇట్లనే పోతే ఈ భూమి మనకు మిగలదు," అని భార్య కిరణ్మయి పట్టుబట్టి మందులు మాన్పించింది. మందుల్లేని మిర్చికి మంచి ధర ఇచ్చే జగదల్‌పూర్ మసాలా వ్యాపారి ఒక్క చేను కోసం ఇంతదూరం రాడని, చుట్టుపక్కల ఊళ్లు తిరిగి రైతులతో సంఘం పెట్టింది. సుక్రాం, బిజ్జా లాంటి గోండు రైతులు ఆమె మాట నమ్మే చేరారు.

మొదటి ఏడు గట్టెక్కింది. రెండో ఏడు నల్ల తామర పురుగు పూలలో దూరి, పిందె కట్టకముందే పూతంతా రాల్చింది. అందరూ వేప కషాయమే కొడుతూ ఓర్చుకున్నారు. సుక్రాం చేను సగానికి సగం పోయింది. భూషణం మాత్రం ఓర్చుకోలేకపోయాడు. కిరణ్మయి చెల్లెలి పురుడికని బీజాపూర్ వెళ్లగానే, కూలీలను రావద్దని చెప్పి, పాత పంపు తనే వీపున తగిలించుకుని చేనంతా మందు కొట్టాడు. చెట్లు తేరుకున్నాయి.

తిరిగొచ్చిన కిరణ్మయి కొత్త పూత చూసి మురిసిపోయింది. "చూసిన్రా, ఓపిక పడితే నిలబడ్డది," అంది. ఆయన తల ఊపాడు.

కళ్లంలో అందరి మిర్చీ కలిపి బస్తాలకెత్తారు. వ్యాపారి చేయించిన పరీక్షలో మందు ఆనవాళ్లు బయటపడ్డాయి. సరుకంతా లారీలో వెనక్కి వచ్చింది.

మర్నాడు అందరూ కళ్లంలో కూర్చున్నారు. కలిసిపోయిన కాయల్లో మందు ఎవరిదో తేల్చే దారి లేదు. సుక్రాం లేచి కిరణ్మయితో అన్నాడు.

"అక్కా, నా గట్టు పక్కన వేరేటోళ్ల పత్తి ఉంది. వాళ్లు కొట్టిన మందు గాలికి నా చేన్ల పడ్డదేమో. నన్ను సంఘంలకెల్లి తీసెయ్యుండ్రి. నా ఒక్కని కోసం అందరెందుకు మునగాలె?"

భూషణం గుండె తేలికపడింది. అలా తేలికపడినందుకు మరుక్షణమే సిగ్గేసింది. లేవాలనుకున్నాడు, లేవలేదు. ఎదురుగా సుక్రాం తప్పు చేసినవాడిలా తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"కూసో సుక్రాం," అని కిరణ్మయి భర్త వైపు తిరిగింది. ఆయన చూపు దించుకున్నాడు. ఆమెకు ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది.

"మందు కొట్టింది మేమే," అంది అందరితో.

"ఆమె కాదు. నేనే. ఆమె ఊళ్లో లేదు," అన్నాడు భూషణం. ఆ గొంతు పక్కవాళ్లకైనా వినిపించిందో లేదో.

ఎవరూ తిట్టలేదు. బిజ్జా మాత్రం నెమ్మదిగా అన్నాడు: "ఏంది సేటు. పురుగు మా చేన్లకు గూడ వచ్చింది గదా."

సుక్రాం సంఘంలోనే ఉండాలన్నారు. భూషణం చేను శుభ్రపడిందని అందరికీ నమ్మకం కుదిరేదాకా ఆయన మిర్చి విడిగా అమ్ముకోవాలన్నారు. ఆయన ఒప్పుకున్నాడు.

ఇంటికి వస్తూ, "మేమే అని నిన్నెందుకు కలుపుకున్నవ్?" అని అడిగాడు.

"ఊరూరా తిరిగి వాళ్లను పోగుచేసింది నేను. ఇప్పుడు పక్కకు జరగమంటరా?" అంది.

తొలకరి పడ్డాక, క్షమించమని అడుగుదామని భూషణం సుక్రాం ఇంటికి వెళ్లాడు. సుక్రాం ఎప్పటిలాగే మంచం వాల్చి, "కూసో సేటు," అన్నాడు. అడగాలనుకున్న మాట నోట రాలేదు. పచ్చిరొట్ట ఎరువుకు జీలుగు ఎప్పుడు చల్లుతున్నావని మాత్రం, నిలబడే, అడిగాడు.