పనివాడికి ఏ తెలుగు

మాజిదా ఆ పనివాడి మాట దగ్గర ఆగిపోయింది.

అది తొంభై ఏళ్ల నాటి హాలీవుడ్ సినిమా. బంగళాలో ముత్యాల హారం పోతుంది. యజమాని దంపతులు గ్లాసులు చేతపట్టుకుని, చమత్కారాలాడుతూ దొంగను వెతుకుతుంటారు. డిటెక్టివ్ మాత్రం వచ్చీ రాగానే ఆ ఇంటి నల్లజాతి పనివాడి మెడ పట్టుకుంటాడు. అతను కళ్లు తేలేసి, గడగడ వణుకుతూ, వచ్చీరాని ఇంగ్లీషులో తాను కాదంటాడు. ప్రేక్షకులు నవ్వవలసిన చోటు అది.

సింగపూర్‌లో, క్లెమెంటిలోని ఫ్లాట్‌లో, భోజనాల బల్ల మీదే కంప్యూటర్ పెట్టుకుని, మాజిదా పాత అమెరికన్ సినిమాలకు తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తుంది. ఒకదాంట్లో చైనా వంటవాడు. ఇంకోదాంట్లో ముఖానికి రంగు పూసుకుని తలపాగా చుట్టిన తెల్లవాడు. నవ్వించడానికో, అనుమానించడానికో వాళ్లు. కోపం వచ్చే రోజులు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు చూస్తుంటే ఒళ్లు బరువెక్కుతుంది, అంతే.

పనివాడికి కూడా యజమాని మాట్లాడే తెలుగే రాసింది. "నేను తియ్యలేదండీ. నన్నే ఎందుకు అడుగుతున్నారు?"

మర్నాడు ఎడిటర్ లలితకుమారి ఫోన్ చేసింది. కాకినాడ మనిషి, సింగపూర్‌లోనే పుంగ్గోల్‌లో ఉంటుంది.

"అంతా బావుందమ్మా. ఆ సర్వెంట్ జోకే పేలలేదు. వాడికి కాస్త హైదరాబాదీ యాస పెట్టెయ్. 'నక్కో సాబ్, నేను నై తీసిన' అని. నీకైతే చిటికెలో పని."

చిన్నప్పుడు మాజిదా తండ్రితో తెలుగు సినిమాలకు వెళ్లేది. తెర మీద ఎవరైనా ఆయనలా మాట్లాడితే హాలంతా గొల్లుమనేది. ఆయనా నవ్వేవాడు, అందరికన్నా కొంచెం ఆలస్యంగా.

"అక్కా, అది మా ఇంట్ల మాట."

"అయ్యో, నిన్నన్లేదమ్మా! క్లయింట్ అడుగుతున్నాడు, సరదాకి."

"మరి యజమానికి పెడదామా? తాగి తూలేది ఆయనే కద."

లలితకుమారి నవ్వేసింది. "ఆయన హీరో కదే."

ఆ మాట అన్నాక ఆమె నవ్వు ఆగింది.

"నేను రాయలేనక్కా," అంది మాజిదా. "కొట్లాడే ఓపిక కూడ లేదు. మీరే చూసుకోండి."

సినిమా విడుదలయ్యాక ఓ ఆదివారం మధ్యాహ్నం భర్త సాదత్ టీవీలో పెట్టాడు. మొదటి మాట ఆమె రాసినట్టే ఉంది. మెడ పట్టుకునే చోట యాస లేదు. కానీ తర్వాత, పనివాడు చీకటి గదిలో దయ్యాన్ని చూశాననుకుని పరిగెత్తేటప్పుడు కింద అక్షరాలు పడ్డాయి: "నక్కో సాబ్, నక్కో!"

సాదత్ పకపకా నవ్వాడు. భార్య ముఖం చూసి ఆగాడు.

"క్యా హువా? నవ్వద్దా?"

"నవ్వొస్తే నవ్వు. ఏం చేస్తవ్."

సాయంత్రం లలితకుమారి మెసేజ్ పెట్టింది. "ఒకటే ఆపగలిగాను. రెండోది నా వల్ల కాలేదు. ఇంకో సినిమా వచ్చింది, పంపనా?"

మాజిదా చాలాసేపు ఫోన్ పట్టుకుని కూర్చుంది. తను మానేస్తే వేరే ఎవరో రాస్తారు, ఆ ఒక్కటీ ఆగదు.

"పంపండక్కా. ఈసారి క్లయింట్‌తో నేనే మాట్లాడతా," అని రాసి, టీ పెట్టుకోవడానికి లేచింది.