ఎవరూ విత్తని కూర

కోత పండుగకు సంతలో గుమ్మడికాయ కొని చర్చిలో బల్ల మీద పెట్టడం ఈ ఏడు తనవల్ల కాదని డోర్కాస్ తెగేసి చెప్పింది. పొలాలు విమానాశ్రయానికి పోయినప్పటి నుంచి శంషాబాద్‌లో ఆ చిన్న సంఘంవాళ్ళు చాలామంది చేస్తున్నది అదే. కొన్న కాయను తెచ్చి, "మా చేతి పంట" అని ప్రార్థన చేయించుకుంటారు. ఎవరూ ఎవరినీ అడగరు. అడిగితే అందరి బండారమూ బయటపడుతుంది మరి.

"దేవుని ముందట అబద్ధం పెట్టుడు ఇగ చాలు. ఈసారి మన పెరట్లదే పెడ్త," అంది భర్త ఆశేర్‌తో.

పంతమైతే పట్టింది గానీ పెరడు కలిసిరాలేదు. ఇల్లు కట్టగా మిగిలిన కంకర, సిమెంటు పెళ్లలు కలిసిన నేల అది. బీర మొలకెత్తనే లేదు. చిక్కుడు రెండాకులు వేసి ఎండిపోయింది. వానలు పడ్డాక మాత్రం, పిలవని చుట్టాల్లా, ఏవేవో మొక్కలు నేలంతా పరుచుకున్నాయి.

"అన్నీ పిచ్చి మొక్కలే. మందు కొట్టిస్త," అన్నాడు ఆశేర్.

"జర ఆగు. ఏది ఏందో సూడనియ్యి."

గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే చూసింది. వయ్యారిభామను పీకి పారేసింది. ఎర్రటి కాడ, మందపాటి చిన్న ఆకు కనబడగానే ప్రాణం లేచొచ్చింది. గంగవాయిలి! పప్పులో వేస్తే పుల్లపుల్లగా ఎంత బాగుంటుందో!

పండుగ పొద్దున వేళ్ళతో సహా పీకి తట్ట నింపింది. లేవబోతుంటే వేలికి జిగట తగిలింది. తెల్లటి పాలు. గంగవాయిలి కాడ విరిస్తే నీళ్ళే వస్తాయి. పాలు కారేది దానిలాగే నేలను పాకే వేరే మొక్క, కడుపులోకి పోతే మంచిది కాదు. ఆరాధన అయ్యాక కానుకలను వేలం పాడి ఎవరో ఒకరు ఇంటికి తీసుకుపోయి వండుకుంటారు. తొందరలో రెండూ కలిపి పీకేసింది!

తట్టను నేల మీద కుమ్మరించింది.

"ఏందే గిది! పాటలు షురువైనయ్. గుమ్మడికాయ కొనుక్కొస్త, పోదాం పా," అన్నాడు ఆశేర్.

"తప్పు కూర తీస్కపోను. కాయ కొననియ్య."

ప్రతి మొక్కకూ ఒక కొస విరిచి చూసింది. నీళ్ళొస్తే తట్టలోకి, పాలొస్తే చెత్తలోకి. నడుం పీకుతున్నా లేవలేదు. కాసేపు గొణిగిన ఆశేర్, చివరికి చొక్కా చేతులు మడిచి పక్కన కూర్చున్నాడు.

వాళ్ళు వెళ్ళేసరికి ప్రసంగం అయిపోయింది, బల్ల నిండిపోయింది. సంఘపెద్ద ప్రేమయ్య తట్టలోకి తొంగి చూశాడు.

"గిది గడ్డిల మొలిచేదే గద బిడ్డా? ఎవరు విత్తిన్రు?"

గుమ్మడికాయల వాళ్ళంతా మెడలు సాచారు. డోర్కాస్‌కు కోపమొచ్చింది గానీ భయం మాత్రం వెయ్యలేదు.

"నేను విత్తలే పెద్దయ్యా. నీళ్ళు గూడ పోయలే. ఆయన మొలిపించిండు, నేను ఏరి తెచ్చిన. మా పెరట్లది. కొన్నది గాదు."

ఆ చివరి మాటకు చాలా తలలు వంగాయి. ప్రేమయ్య తాను తెచ్చిన సొరకాయను పక్కకు జరిపి చోటు చేశాడు.

తట్ట దించగానే మొక్కల వేళ్ళకంటిన మట్టి తెల్లగుడ్డ మీద రాలింది. ఆశేర్ సిగ్గుపడి చేతిరుమాలుతో తుడవబోయాడు. డోర్కాస్ అతని చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యి. మన మట్టి."