బూట్లు లేని హువారెస్

"బూట్లు విప్పు, హెర్మెలిందా," అంది అర్రియాగా టీచర్. "చిన్నప్పుడు పట్నం వచ్చిననాడు హువారెస్ కాళ్ళకు చెప్పులు కూడా లేవు."

హెర్మెలిందా విప్పింది. స్పానిష్ క్లాసు గచ్చు జిల్లుమంది. శని, ఆదివారాలు అమ్మతో కలిసి స్ట్రాబెర్రీలు కోసిన చేతివేళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"దీనికి వేషం ఎందుకు టీచర్? అసలు సరుకే వచ్చిందిగా!" అన్నాడు వెనక బెంచీవాడొకడు. అందరూ నవ్వారు. టీచర్ కూడా పెదవి బిగపట్టి నవ్వింది.

మెక్సికో సరిహద్దుకు ఇవతల, మా ఊరంతా స్ట్రాబెర్రీ తోటలే. ఆ క్లాసు పిల్లలంతా మెక్సికో నుంచి వచ్చి ఈ తోటల్లో నడుములు వంచినవాళ్ళ బిడ్డలే. అయినా అక్కడి ఓహాకా కొండల నుంచి మిష్టెక్ అనే కొండభాష మాట్లాడుకుంటూ వచ్చినవాళ్ళంటే మిగతావాళ్ళకు లోకువ. "ఓహాకీతా", అంటే పొట్టి ఓహాకా మనిషీ, అని వెక్కిరించడం తిట్టు కాదట, సరదా అట. గురివింద గింజ సామెత వీళ్ళను చూసే పుట్టి ఉంటుంది.

ఏటా మార్చిలో హువారెస్ పుట్టినరోజుకు అర్రియాగా టీచర్ నాటకం వేయిస్తుంది. కొండజాతి గొర్రెల కాపరి మెక్సికో దేశాధ్యక్షుడయ్యాడనీ, చట్టం ముందు అందరూ సమానమన్నాడనీ పాఠం చెబుతూ కళ్ళు తడి చేసుకుంటుంది. గొర్రెల కాపరి వేషం మాత్రం ఏటా ఓహాకా పిల్లలకే. నల్ల కోటు అధ్యక్షుడు తెల్లగా, పొడుగ్గా ఉండాలి. ఈ ఏడు ఆ కోటు ఈకర్ అనే కుర్రాడిది. చివర్లో పెద్ద హువారెస్ వచ్చి చిన్న హువారెస్‌ను చెయ్యి పట్టి లేపుతాడు. అది టీచర్ సొంత కల్పన.

"నాకొద్దు టీచర్," అని హెర్మెలిందా ముందే బతిమాలింది.

"వద్దంటే ఎలా తల్లీ? నీ స్పానిష్ అసలే అంతంత మాత్రం. ఇది వేస్తేనే పాసవుతావు. ఇందులో తప్పితే స్కూలు చదువే గట్టెక్కదు."

వానకు తోట పని ఆగడంతో ఆ రోజు నాటకం చూడ్డానికి తల్లి తోమాసా కూడా వచ్చింది. కూతురి బడి గడప ఆమె తొక్కడం అదే మొదలు. టీచర్ ఆమెను తలుపు పక్కన కూర్చోబెట్టి, బురద బూట్ల కింద పాత కాగితం పరిచింది. స్పానిష్ రాని తోమాసా అదీ మర్యాదే అనుకుని నవ్వింది. ముందు బెంచీలో కూర్చున్న నాకు మాత్రం ఒళ్ళు మండింది.

హెర్మెలిందా మోకాళ్ళ మీద కూర్చుంది. చెప్పాల్సింది రెండే ముక్కలు: "అయ్యా, నాకు మాట రాదు. నన్ను మనిషిని చేయండి."

"అయ్యా..." అని ఆగిపోయింది.

"ఊఁ, చెప్పు! నాకు మాట రాదు..." అందించింది టీచర్.

తలుపు దగ్గర నుంచి తోమాసా తమ భాషలో కేకేసింది. "ఏమే, మర్చిపోయావా? టీచరమ్మ అడుగుతోందిగా, చెప్పెయ్యి!"

క్లాసు గొల్లుమంది. ఒకడు కోడిలా కూశాడు. "ఇక్కడ స్పానిష్‌లోనే మాట్లాడాలమ్మా," అంది టీచర్ తియ్యగా. తోమాసా అర్థం కాక తలూపింది.

"ఇంతకీ ఏం చెప్పమంటోందే?" అని కూతుర్ని అడిగింది.

"నాకు మాట రాదని చెప్పమంటోందమ్మా."

తోమాసా తెల్లబోయింది. "అదేం మాటే? నీకొచ్చుగా! నాతో మాట్లాడేదేంటి మరి?"

హెర్మెలిందా లేచి నిలబడింది. బూట్లు తీసుకుని వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది.

"ఏం చేస్తున్నావ్?"

"వేసుకుంటున్నా టీచర్."

"ఒక్క ముక్క చెప్పలేవూ? తప్పుతావు, తెలుసా?"

"తెలుసు," అంది హెర్మెలిందా స్పానిష్‌లోనే. "నాకు మాట వచ్చు టీచర్. రాదని చెప్పను."

టీచర్ ముఖం కందగడ్డయింది. "మీ జాతి కోసమే కదే ఇంత పాటుపడుతున్నాను!" అని అరిచింది.

హెర్మెలిందా తల వంచి లేసులు కట్టుకుంటోంది. నల్ల కోటు తొడుక్కున్న ఈకర్ చాచిన చెయ్యి అలాగే పట్టుకుని, ఖాళీ గచ్చు వంకా టీచర్ వంకా మార్చి మార్చి చూశాడు.

"టీచర్, మరి నేనెవర్ని లేపాలి?"